168, 141, 184: ఒక పన్నెండేళ్ల బాలుడి ప్రజ్ఞాలబ్ధి నివేదికల గణాంక పరిశీలన

బెంగళూరు జయనగర్‌లోని మా కేంద్రానికి నిరుడు ఆషాఢంలో ఒక తెలుగు కుటుంబం వచ్చింది. అనంతపురం జిల్లా నుంచి వచ్చి పదిహేనేళ్లుగా మారతహళ్లిలో స్థిరపడినవారు. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తల్లి బ్యాంకులో పనిచేస్తారు, వెంట వచ్చిన తాతగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయిన మాస్టారు. బాలుడి వయసు 12 ఏళ్ల 4 నెలలు, చదువుతున్నది ఏడో తరగతి. ఆ కుటుంబం అనుమతితో, వారిని గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసును రాస్తున్నాను. మా కేంద్రంలో పరీక్షలు పెట్టేది క్లినికల్ సైకాలజిస్టులు. మార్కులను విశ్లేషించి, నివేదికలో ఏ అంకెను ఎంత నమ్మకంతో రాయవచ్చో తేల్చడం నా పని.

మాస్టారు ఫైలులోంచి మూడు కాగితాలు తీసి వరుసగా బల్ల మీద పరిచారు. అవి బాలుడి ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) నివేదికలు: అయిదేళ్ల వయసులో రాసినదాంట్లో 168, తొమ్మిదేళ్ల వయసులో 141, ఈ మధ్యే ఇంటర్నెట్‌లో రాసిన ఒక హై రేంజ్ పరీక్షలో 184. "అమ్మా, ఒకే మూటను మూడు కాటాల మీద పెడితే మూడు బరువులు వచ్చాయి. మూట మారిందా, రాళ్లు మారాయా?" అని అడిగారు. తండ్రి అడిగింది మరింత సూటిగా ఉంది. నగరంలోని ఒక పాఠశాల, ప్రజ్ఞాలబ్ధి 145కు తగ్గకుండా ఉందని ధ్రువపత్రం తెస్తే బాలుణ్ణి ఏడు నుంచి నేరుగా తొమ్మిదో తరగతికి పంపే విషయం ఆలోచిస్తామని చెప్పిందట. మూడింటిలో రెండు 145 దాటాయి కనుక ధ్రువపత్రం రాయడానికి అడ్డేమిటన్నది ఆయన ప్రశ్న.

ఈ మూడు అంకెలు ఒకే రకం అంకెలు కావన్నదే అడ్డు. అందులో ఏ ఒక్కటీ అబద్ధం కాదు, మూడింటి వెనుక ఉన్న లెక్కలూ సరిగ్గానే ఉన్నాయి. కానీ సగటు నుంచి అంత దూరం వెళ్లాక ప్రజ్ఞాలబ్ధి కొలతగా ఉండటం మానేసి, కొద్దిమంది దగ్గర సేకరించిన సమాచారాన్ని ముందుకు సాగదీసి గీసిన అంచనాగా మారుతుంది. ఆ సాగదీత ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా జరిగింది.

మొదటి కాగితం: 168

ఇది బినే-కామత్ పరీక్ష. 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ పారిస్‌లో రూపొందించిన పరీక్షను 1916లో లూయిస్ టెర్మన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సవరించారు. దాన్ని 1930లలో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ మాట్లాడే పిల్లలకు అనువుగా మలిచారు. ఇప్పటికీ మన దేశంలో చాలాచోట్ల వాడుకలో ఉంది. దీని సూత్రం డీఎస్సీకో టెట్‌కో చదివిన వారందరికీ కంఠతా వచ్చినదే: మానసిక వయసును శారీరక వయసుతో భాగించి నూరుతో గుణించాలి. బాలుడి శారీరక వయసు అప్పటికి 5 ఏళ్ల 2 నెలలు, అంటే 62 నెలలు. మానసిక వయసు 8 ఏళ్ల 8 నెలలు, అంటే 104 నెలలు. భాగిస్తే 168 వస్తుంది.

కానీ ఈ 168, సగటు 100, ప్రామాణిక విచలనం 15 ఉన్న కొలబద్ద మీది 168 కాదు. నిష్పత్తి ప్రజ్ఞాలబ్ధిలో ప్రామాణిక విచలనం, అంటే పిల్లల మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉంటాయన్న కొలత, అన్ని వయసుల్లో ఒకేలా ఉండదు. 1937 నాటి స్టాన్‌ఫర్డ్-బినే కూర్పులో అది ఆరేళ్ల పిల్లల్లో 12, 13 దగ్గర ఉంటే రెండున్నరేళ్ల వారిలోనూ పన్నెండేళ్ల వారిలోనూ 20 దగ్గర ఉంది. సగటు కంటే 68 పాయింట్లు ఎక్కువ అన్నదాన్ని 13తో భాగిస్తే 5.2 విచలనాలు, 20తో భాగిస్తే 3.4 విచలనాలు. సాధారణ వితరణాన్ని, అంటే సగటు దగ్గర ఎక్కువమంది, అంచుల్లో కొద్దిమంది ఉండే గంట ఆకారపు వక్రాన్ని, నమ్మి లెక్కకడితే మొదటిది కోటికి ఒకరు, రెండోది మూడు వేలకు ఒకరు. ఒకే అంకెకు ఇంత తేడాగల రెండు అర్థాలు ఉన్నప్పుడు దాన్ని 145 అనే గీత పక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఈ ఇబ్బంది తీర్చడానికే 1960 కూర్పులో స్టాన్‌ఫర్డ్-బినే కూడా నిష్పత్తిని వదిలి, అప్పటికే 1939 నుంచి డేవిడ్ వెక్స్‌లర్ వాడుతున్న విచలన పద్ధతికి, అంటే తన వయసువారి సగటు నుంచి ఎన్ని విచలనాల దూరంలో ఉన్నాడో చూసే పద్ధతికి, మారింది.

దీనికి పాత ప్రమాణాల సమస్య కూడా తోడవుతుంది. 1932 నుంచి 1978 వరకు అమెరికాలో సగటు మార్కులు 13.8 పాయింట్లు పెరిగాయని జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించారు. ఆ అంకెను తెచ్చి బెంగళూరు పిల్లవాడి మార్కుల్లోంచి తీసివేయడం తప్పు, నేను తీసివేయలేదు. కానీ ఎన్నో దశాబ్దాల కిందటి ప్రమాణాలతో పోల్చినప్పుడు నేటి పిల్లల మార్కు ఉబ్బే అవకాశమే ఎక్కువ. అందుకని 168ని నివేదికలో చరిత్రగా నమోదు చేశాను, తుది లెక్కలోకి తీసుకోలేదు. అయిదేళ్లకే ఆ పిల్లవాడు తోటివారి కంటే చాలా ముందున్నాడన్న సంగతిని మాత్రం అది నిస్సందేహంగా చెబుతుంది.

రెండో కాగితం: 141

తొమ్మిదేళ్ల ఏడు నెలల వయసులో, శిక్షణ పొందిన సైకాలజిస్టు ఎదురుగా కూర్చుని పెట్టిన వెక్స్‌లర్ పిల్లల పరీక్ష ఇది. పరీక్ష మొత్తం మార్కు విశ్వసనీయత గుణకం, అంటే మళ్లీ కొలిస్తే ఎంతవరకు అదే ఫలితం వస్తుందన్న కొలత, 0.97. కొలతలోని ప్రామాణిక దోషం, అంటే మార్కు నిజానికి అటూ ఇటూ మామూలుగా ఎంత తప్పవచ్చన్నది, 15ను 0.03 వర్గమూలంతో గుణిస్తే వచ్చే 2.6. సగటు నుంచి దూరంగా వచ్చిన ఏ మార్కులోనైనా కొంత అదృష్టం కలిసి ఉంటుంది కనుక, నిజమైన మార్కు అంచనాను సగటు వైపు కొద్దిగా జరపాలి: 100కు 41లో 0.97 వంతు కలిపితే 139.8. దీని 95 శాతం విశ్వాసాంతరం, అంటే నిజమైన మార్కు ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పగల అవధి, 135 నుంచి 145 వరకు.

ఇక్కడ నేను ఆగి చూసినది సీలింగు. పది ప్రధాన ఉపపరీక్షల్లో రెండింటిలో బాలుడికి 19 వచ్చింది. ఉపపరీక్షల సగటు 10, ప్రామాణిక విచలనం 3, గరిష్ఠం 19. అంటే ఆ రెండింటిలో అతడు పైకప్పుకు తల ఆనించి నిలబడ్డాడు. ఇంకా ఎంత ఎత్తు ఉందో ఆ గది చెప్పలేదు. కాబట్టి 141 అతణ్ణి కొంచెం తక్కువ చేసి చూపి ఉండవచ్చునన్న తండ్రి వాదనలో న్యాయముంది, దాన్ని నివేదికలో రాశాను.

పైకప్పు ఎత్తినంత మాత్రాన కొలత మెరుగుపడదన్నది మాత్రం తండ్రికి కాగితం మీద చూపించాల్సి వచ్చింది. 2014లో అమెరికాలో వచ్చిన ఈ పరీక్ష ఐదో కూర్పు ప్రమాణాలకు ఆధారం 2,200 మంది పిల్లలు, పదకొండు వయోవర్గాల్లో ఒక్కోదానికి 200 మంది. సాధారణ వితరణం ప్రకారం 200 మందిలో 130 దాటేవారు నలుగురైదుగురు. 145 దాటేవారు 0.27 మంది, అంటే నాలుగు వయోవర్గాలు కలిపితే ఒక్కరు. మొత్తం 2,200 మందిలో ముగ్గురు. 160 దాటేవారు 0.07 మంది, అంటే ఉండకపోవడమే సహజం. ఇంత జాగ్రత్తగా, ఇంత ఖర్చుతో సేకరించిన నమూనాలోనే 145 పైన నిలబడేది ముగ్గురైతే, ఆపైన పట్టికలో కనిపించే ప్రతి అంకె గంట ఆకారపు వక్రం మీద నమ్మకంతో పొడిగించినదే.

మూడో కాగితం: 184

ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. మామూలు పరీక్షల సీలింగు దాటినవారి కోసం వ్యక్తులు సొంతంగా తయారుచేసే హై రేంజ్ పరీక్షలకు నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. 1985లో ఆమ్ని పత్రికలో అచ్చయిన రోనాల్డ్ హోఫ్లిన్ మెగా టెస్ట్ వాటిలో పేరుపొందినది. కాలపరిమితి ఉండదు, ఇంట్లో కూర్చుని రాయవచ్చు, ప్రశ్నలు చాలా కఠినం. మన బాలుడు రాసిన పరీక్షలో 40 ప్రశ్నలు. మూడు వారాల పాటు సాయంత్రాలు కూర్చుని 31 సరిగా చేశాడు. పన్నెండేళ్ల పిల్లవాడికి ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను నిజంగా ఆశ్చర్యపోయాను, ఆ మాట అతనితోనే చెప్పాను.

పరీక్ష రూపకర్త వివరణ పత్రం చివర చిన్న అక్షరాల్లో ప్రామాణిక విచలనం 24 అని ఉంది. కాటెల్ అనే మరో ప్రజ్ఞా పరీక్ష నుంచి వచ్చిన కొలబద్ద అది. ఆ కొలబద్ద మీద 148, పాత స్టాన్‌ఫర్డ్-బినే మీద 132, వెక్స్‌లర్ మీద 130, మూడూ సగటుకు రెండు విచలనాల పైనున్న ఒకే స్థానాన్ని సూచిస్తాయి. 184లో సగటుకు పైనున్న 84ను 24తో భాగిస్తే 3.5, దాన్ని 15తో గుణించి 100 కలిపితే 152.5. "184 అని ముద్రించి ఉంది కదా మేడమ్, ఎందుకు తగ్గిస్తున్నారు?" అని తండ్రి అడిగారు. జవాబు మాస్టారే చెప్పారు: "గుడ్డను గజాల్లో కొలిస్తే ఒక అంకె, మూరల్లో కొలిస్తే పెద్ద అంకె. గుడ్డ పెరగదు నాయనా." 15 కొలబద్ద మీద 184 అంటే తొమ్మిది కోట్ల ముప్పై లక్షల మందిలో ఒకరు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. అంటే ఆనాటి రాష్ట్రమంతా వెతికినా ఒక్కరు దొరుకుతారన్న హామీ లేదు. 152.5 అయితే 4,300 మందిలో ఒకరు.

ఇక ఆ 152.5 ఎలా వచ్చిందో చూడాలి. రూపకర్త జతచేసిన పట్టికలో 57 మంది మార్కులు ఉన్నాయి, పేర్లు లేవు. సగటు 18, ప్రామాణిక విచలనం 7. వీరిలో 23 మంది తాము ఇదివరకు మరో పరీక్షలో తెచ్చుకున్న ప్రజ్ఞాలబ్ధిని తెలిపారు. వాటిని 15 కొలబద్దకు మార్చితే సగటు 136, విచలనం 9. రూపకర్త ఈ రెండు సగటులను, రెండు విచలనాలను ఒకదానితో ఒకటి సరిపెట్టారు. బాలుడి 31 మార్కులు సగటు కంటే 13 ఎక్కువ, అంటే 1.86 విచలనాలు, 136కు తొమ్మిదిలో 1.86 రెట్లు కలిపితే 152.7. అదే 24 కొలబద్ద మీద 184.

ఈ పద్ధతి రెండు పరీక్షలూ ఒకే విషయాన్ని ఒకే నాణ్యతతో కొలుస్తున్నప్పుడు చెల్లుతుంది. ఇక్కడ రెండింటి మధ్య సహసంబంధం, అంటే రెండు మార్కులూ ఎంతగా కలిసి నడుస్తాయన్న కొలత (పూర్తిగా కలిస్తే 1), 0.52 మాత్రమే. 23 మందితో వచ్చిన ఈ గుణకం 95 శాతం విశ్వాసాంతరం 0.14 నుంచి 0.77 వరకు ఉంది. ఎత్తయిన తల్లిదండ్రుల పిల్లలు సగటున వారంత ఎత్తు ఉండరని 1886లో గాల్టన్ చూపినట్టే, ఒక పరీక్షలో 1.86 విచలనాలు పైనున్నవారు దానితో అరకొర సంబంధమున్న మరో పరీక్షలో సగటున అంత పైన ఉండరు. ఈ వెనక్కి జరగడాన్ని లెక్కలోకి తీసుకునే ప్రతిగమన రేఖతో అంచనా వేస్తే 136కు 0.52, 9, 1.86ల లబ్ధాన్ని కలపాలి, 144.7 వస్తుంది. ఒక్క వ్యక్తి విషయంలో ఈ అంచనాకు 95 శాతం అవధి, నమూనా చిన్నదన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకుంటే, 127 నుంచి 163 వరకు. దీన్ని చూశాక ధ్రువపత్రం మాట తండ్రి మళ్లీ ఎత్తలేదు.

సహసంబంధం తక్కువగా ఉందని పరీక్షను కొట్టిపారేయడం కూడా అన్యాయం. అందరూ 120, 130 దాటినవారే ఉన్న గుంపులో మార్కుల వ్యాప్తి కుదించుకుపోతుంది, వ్యాప్తి తగ్గితే సహసంబంధమూ తగ్గుతుంది. మొత్తం జనాభాలో ఈ పరీక్ష పెడితే గుణకం ఇంతకంటే ఎక్కువే వస్తుంది. వ్యాప్తి కుదింపును సరిదిద్దే సూత్రాలున్నాయి. అయితే అవి గుంపు ఎలా ఎంపికైందో తెలిసినప్పుడు పనిచేస్తాయి. ఇక్కడ ఎంపిక చేసినవారు ఎవరూ లేరు, వచ్చినవారు తమంతట తాము వచ్చారు. సగం ప్రశ్నల దగ్గర విసిగి జవాబులు పంపకుండా మానేసినవారు ఆ 57 మందిలో కనిపించరు.

23 మంది తెలిపిన పాత మార్కులు నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఎవరైనా మూడు పరీక్షలు రాసి ఉంటే, చెప్పేటప్పుడు సహజంగా పెద్దదే చెబుతారు. సమానమైన మూడు కొలతల్లో గరిష్ఠం, సగటున 0.85 ప్రామాణిక దోషం మేర పైన ఉంటుంది. దోషం 5 పాయింట్లయితే ఒక్క ఈ కారణంతోనే 136లో నాలుగు పాయింట్లు గాలి అయి ఉండవచ్చు. పైగా ఆరుగురు తమ మార్కు ఏ కొలబద్ద మీదిదో రాయలేదు. 148 అన్నది 24 కొలబద్ద మీదిదైతే ఒకటి, 15 మీదిదైతే మరొకటి. ఆ ఆరుగురినీ తీసేసి మిగిలిన 17 మందితో మళ్లీ లెక్కిస్తే సహసంబంధం 0.41కి పడిపోయింది, విశ్వాసాంతరం మైనస్ 0.09 నుంచి 0.74 వరకు విస్తరించి సున్నాను కూడా తనలో కలుపుకొంది.

చివరి కొన మరీ పలచన. 57 మందిలో 31 గాని అంతకంటే ఎక్కువ గాని తెచ్చుకున్నవారు ముగ్గురు, వారిలో పాత మార్కు తెలిపినవారు ఇద్దరు. పట్టిక పైభాగమంతా ఆ ఇద్దరి భుజాల మీద నిలబడి ఉంది. పరీక్ష విశ్వసనీయత నా లెక్కలో 0.82, అంటే ముడి మార్కుల్లో ప్రామాణిక దోషం దాదాపు మూడు మార్కులు. ఒక్కో మార్కు 24 కొలబద్ద మీద రెండు పాయింట్లకు పైగా విలువ చేస్తుంది. మాటల్లో బాలుడు తనంతట తానే చెప్పాడు, రెండు లెక్కలు పెదనాన్న కొడుకుతో మాట్లాడాక తట్టాయని. ఆ నిజాయితీని మెచ్చుకుని, ఆ రెండూ తీసేసి 29తో చూశాను: 184 కాస్తా 180 అయింది. కాలపరిమితీ పర్యవేక్షణా లేని పరీక్షలో ఇలాంటి సాయం ఎంత జరుగుతుందో పట్టికలోని మిగతా 57 మంది విషయంలో ఎవరూ చెప్పలేరు.

కలిపి చూస్తే

వెక్స్‌లర్ అంచనా 139.8, దాని దోషం 2.6. హై రేంజ్ అంచనా 144.7, దోషం 8.6. కచ్చితత్వాన్ని బట్టి తూకం వేసి కలిపితే 140.2 వస్తుంది. మూడు వారాల శ్రమతో వచ్చిన 184, అంతకుముందున్న అంచనాను అర పాయింటు కూడా కదపలేదు. వెక్స్‌లర్ పరీక్ష జరిగి మూడేళ్లయింది, సీలింగు అనుమానమూ ఉంది కనుక దాని దోషాన్ని ఉదారంగా 5కు పెంచి మళ్లీ చేశాను. అప్పుడు 141, అవధి 132 నుంచి 150. ఈ ఉదారమైన లెక్కలో కూడా నిజమైన మార్కు 145 దాటే సంభావ్యత 18 శాతం, దాటకపోయే సంభావ్యత 82 శాతం. మొదటి 168ని కలపనందుకు మాస్టారు అభ్యంతరం చెబుతారేమో అనుకున్నాను గాని, ఆయన అడిగింది 127 నుంచి 163 అవధి లెక్కలో దోషాన్ని మామూలుగా గుణించే 1.96కు బదులు 2.08 ఎందుకు వాడానని. 23 మందే ఉన్నప్పుడు చిన్న నమూనాల కోసమున్న టీ పట్టిక వాడాలని చూపించాక నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

ఈ లెక్కలు పట్టుకోలేని ఒక సంగతి నన్ను ఇప్పటికీ వెంటాడుతోంది. ఈ బాలుడు ఇంట్లో అనంతపురం తెలుగు మాట్లాడతాడు, బయట ఆడుకునేటప్పుడు కన్నడం, బడిలో ఇంగ్లీషు. అయిదేళ్లప్పుడు పరీక్ష పెట్టినవారు కన్నడం, ఇంగ్లీషు కలిపి అడిగారట. తొమ్మిదేళ్లప్పుడు అంతా ఇంగ్లీషులోనే. మాటలతో పనిలేని ఉపపరీక్షల్లో అతనికి 18, 19 వస్తే పదాల అర్థాలు అడిగిన దాంట్లో 14 వచ్చింది. అది అతని పదసంపద పరిమితా, అడిగిన భాష పరిమితా అన్నది ఆ కాగితంలోని అంకెల్లో లేదు. తెలుగులో అడిగితే ఏం చెప్పేవాడోనని తల్లి అన్నప్పుడు, తెలుగు పిల్లల ప్రమాణాలు లేకుండా పదాలను అనువదించి అడిగితే వచ్చే మార్కును దేనితోనూ పోల్చలేమని చెప్పవలసి వచ్చింది. నివేదికలో ఆ ఉపపరీక్ష పక్కన ఈ మాట స్పష్టంగా రాశాను.

పాఠశాలకు కావలసినది నిజానికి ప్రజ్ఞాలబ్ధి కాదు, తొమ్మిదో తరగతి పాఠం ఈ పిల్లవాడు అందుకోగలడా లేదా అన్న జవాబు. దానికి వక్రం కొనదాకా వెళ్లనక్కరలేదు. 1971లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ మొదలుపెట్టిన అధ్యయనంలో, తమ తరగతి పరీక్షల్లో సీలింగును తాకిన పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు కాలేజీ ప్రవేశానికి పెట్టే శాట్ పరీక్ష ఇచ్చి చూశారు. పై తరగతి పరీక్ష పెడితే పైకప్పు దానంతట అదే ఎత్తవుతుంది, పోల్చడానికి ఆ తరగతి పిల్లలు వందల్లో ఉంటారు. అదే దారిలో, మా పర్యవేక్షణలో, కాలపరిమితితో, బాలుడికి తొమ్మిదో తరగతి గణితం వార్షిక ప్రశ్నపత్రం ఒకటి, పదో తరగతిది ఒకటి పెట్టాం. ఎనభైకి తొమ్మిదో తరగతి పత్రంలో 71, పదో తరగతి పత్రంలో 52 వచ్చాయి. ఇంగ్లీషు, సాంఘిక శాస్త్రాల్లో ఎనిమిదో తరగతి పత్రాలు పెడితే మంచి మార్కులే గాని చెప్పుకోదగ్గ ఆధిక్యం కనిపించలేదు.

నివేదికలో మూడు పాత అంకెలనూ వాటి కొలబద్దలతో సహా నమోదు చేసి, ప్రస్తుత అంచనాను 132 నుంచి 150 అనే అవధిగానే ఇచ్చాను. ఒంటరి అంకె ఎక్కడా రాయలేదు. 145 గీతకు ఇటో అటో అన్నది ఈ ఆధారాలతో తేలదని, గణితంలో మాత్రం బాలుడు తొమ్మిదో తరగతి స్థాయిలో ఉన్నాడని రాసి ప్రశ్నపత్రాలను జతచేశాను. పాఠశాల బాలుణ్ణి పూర్తిగా తొమ్మిదో తరగతికి మార్చలేదు. గణితం పీరియడుకు తొమ్మిదో తరగతిలో కూర్చోనిచ్చి, మిగతా పాఠాలకు ఏడులోనే ఉంచింది. మొదటి టర్ము పరీక్షల తర్వాత తల్లి ఫోన్ చేసి, గణితంలో ఇబ్బంది లేదని, టైమ్‌టేబుల్ కలవక వారానికి ఒక కన్నడం పీరియడు పోతోందని చెప్పారు. దాని కోసం మాస్టారే బెంగళూరులో ఉండిపోయి ఆ పాఠం మనవడితో కలిసి చదువుతున్నారట. వెక్స్‌లర్ పరీక్ష మళ్లీ కావాలనుకుంటే పద్నాలుగో ఏట పెడదామని, ఈలోపు ఇంటర్నెట్‌లో మరే పరీక్షా రాయించవద్దని చెప్పాను.